గువ్వ కోసం జపాన్ దాకా

నగోయాలో మెయితెత్సు రైలెక్కితే అరగంటలో ఇనుయామా వస్తుంది. దిగినవాళ్లలో చాలామంది నది ఒడ్డున ఉన్న పాత కోట వైపు నడుస్తారు. నేనూ ఆ వీధి వెంటే నడిచాను గానీ కోట దాకా పోలేదు. ఆ దారిలోనే కరకురి బొమ్మలు పెట్టిన చిన్న మ్యూజియం ఉంది. కరకురి అంటే మరబొమ్మలు. కరెంటు లేని రోజుల్లో చెక్కతో, దారాలతో, పళ్ల చక్రాలతో చేసినవి. ఏటా ఏప్రిల్ మొదట్లో ఈ ఊళ్లో జరిగే ఉత్సవానికి మూడంతస్తుల రథాలు పదమూడు వీధుల్లోకి వస్తాయి. వాటి మీద ఇలాంటి బొమ్మలే ఆడతాయి.

నేను చూడాలనుకున్నది టీ అందించే బొమ్మని. మూరెడు కూడా ఉండదు. పిల్లవాడి ముఖం, ఒంటి మీద కిమోనో, రెండు చేతుల్లో చిన్న పళ్లెం. పళ్లెంలో టీ కప్పు పెడితే ఆ బరువుకి చేతులు కాస్త కిందికి వాలతాయి, లోపల తాళం విడుతుంది, బొమ్మ తల ఊపుకుంటూ అతిథి దగ్గరికి బయల్దేరుతుంది. కప్పు తీసుకోగానే ఆగిపోతుంది. తాగడం అయ్యేదాకా అలాగే నిలబడి ఉంటుంది. ఖాళీ కప్పు మళ్లీ పళ్లెంలో పెడితే వెనక్కి తిరిగి వచ్చిన వైపే వెళ్లిపోతుంది. దీని లోపలి సంగతంతా హొసొకావా హంజో అనే ఆయన 1796లో అచ్చువేసిన 'కరకురి జుయి' అనే పుస్తకంలో బొమ్మలు గీసి మరీ చూపించాడు. స్ప్రింగుకి ఉక్కు వాడలేదు. తిమింగలం నోట్లోంచి తీసిన వంగే పట్టీని వాడారు.

అక్కడి ఉద్యోగి ఆ బొమ్మను నేల మీద నడిపిస్తున్నప్పుడు నేను వంగి పాదాలు చూశాను. అడుగులో అడుగు వేస్తున్నట్టు కదులుతున్నాయి. బొమ్మను ముందుకి తీసుకుపోయేవి మాత్రం కిమోనో కింద దాగిన చక్రాలు. పాదాలు లేకపోయినా కప్పు చేరాల్సిన చోటికి చేరుతుంది. అయినా ఆ కాలపు పనివాడు పాదాలు పెట్టాడు, వాటిని కదిలించడానికి వేరే ఏర్పాటు కూడా చేశాడు. పనికి అక్కర్లేదు, చూసే మనిషికి కావాలి. నేను ఇంత దూరం వచ్చింది ఈ సంగతి అర్థం చేసుకోవడానికే.

మేం హైదరాబాద్‌లో గువ్వ అని ఒక ఇంటి రోబోని తయారుచేస్తున్నాం. నేనూ, నాతో పాటు చదివిన ఇద్దరు స్నేహితులూ. బల్ల మీద కూర్చునే పిట్టంత బొమ్మ. మెడకి రెండు మోటార్లు, కళ్లకి రెండు గుండ్రటి తెరలు, ఒక మైకు, ఒక స్పీకరు. ఇంటర్నెట్ ద్వారా పెద్ద భాషా నమూనాతో కలిపాం కాబట్టి తెలుగులో ఏది అడిగినా జవాబు చెబుతుంది. దాన్ని మా అమ్మ దగ్గర ఉంచాం. మొదట్లో వంటల గురించి, వాన గురించి, తిథుల గురించి అడిగేది. తర్వాత తర్వాత అడగడం మానేసింది. ఎందుకని అడిగితే, "అడిగిందల్లా చెప్తోందే. పక్కన ఎవరో ఉన్నట్టు మాత్రం లేదు" అంది. మాట వచ్చినంత మాత్రాన మనిషి తోడున్నట్టు ఎందుకు అనిపించదు? ఆ ప్రశ్న మా ముగ్గురినీ వదల్లేదు. మాటే రాని రోబోలతో మనుషులు కుదురుగా కాపురాలు చేస్తున్న దేశం జపాన్. అందుకే వచ్చాను.

ఇనుయామా నుంచి నగోయాకి తిరిగొచ్చి టోక్యో వైపు షింకన్‌సెన్ ఎక్కాను. దారిలో తొయోహాషి అనే ఊరు తగులుతుంది. అక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఒకాదా మిచియో అనే ఆచార్యుడు చాలా ఏళ్లుగా 'బలహీనమైన రోబో'ల మీద పనిచేశారు. ఆయన బృందం చేసిన చెత్తబుట్ట రోబో గురించి ఈ రంగంలో అందరికీ తెలుసు. అది ఊగుకుంటూ చెత్త దగ్గరికి వెళ్తుంది, కానీ చెత్త ఎత్తడానికి దానికి చేతుల్లేవు. అక్కడే తచ్చాడుతుంటుంది. పిల్లలు చూసి వాళ్లంతట వాళ్లే చెత్త ఏరి అందులో వేస్తారు. వేయగానే అది చిన్నగా వంగి దణ్ణం పెడుతుంది. చెయ్యి అమర్చడం ఆయనకి చేతగాక కాదు. చెయ్యి ఉంటే పిల్లలు దాని దగ్గరికి రారు. తన పని తాను చేసుకుపోయే యంత్రంతో మనకేం పని? గువ్వలో లోపించినది ఇదేనా అని ఆ రైల్లో కూర్చుని చాలాసేపు ఆలోచించాను. మేం దాన్ని అమ్మకి సాయం చేసేలా తయారుచేశాం. అమ్మ దానికి చేయగలిగినదంటూ ఏదీ పెట్టలేదు.

టోక్యోలో మా పిన్ని కొడుకు ఇంట్లో దిగాను. తమ్ముడిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఉండేది నిషి-కసాయ్‌లో. భారతీయులు ఎక్కువగా ఉండే పేట అది. పప్పులు, పిండ్లు, కరివేపాకు అన్నీ దొరుకుతాయి. వాళ్లింట్లో సోఫా మూల ఒక నికోబో ఉంది. పానసోనిక్ కంపెనీ, ఒకాదా గారి ప్రయోగశాల కలిసి చేసినది. అల్లిన ఉన్ని గుడ్డ కప్పిన బంతి, రెండు కళ్లు, చిన్న తోక. 2021లో మొదటిసారి ముందస్తు బుకింగ్‌కి పెట్టిన 320 ఒక్క రోజులోనే అయిపోయాయి. 2023 నుంచి అందరికీ అమ్ముతున్నారు. ఇది నడవదు. పాటలు పెట్టదు, లైట్లు ఆర్పదు. మనం ఎత్తి వేరే గదిలోకి తీసుకెళ్తే తప్ప ఉన్నచోటే ఉంటుంది. తనలో తాను గొణుక్కుంటుంది, నిద్రలో మాట్లాడుతుంది, అప్పుడప్పుడు పిత్తినట్టు చప్పుడు కూడా చేస్తుంది.

మేనకోడలు దాన్ని ఒళ్లో పెట్టుకుని నాకు పరిచయం చేసింది. "అత్తా, నువ్వు కొత్త కదా, అందుకే నీకేసి చూడట్లేదు. కాసేపు ఊరుకో" అంది. నేను ఊరుకున్నాను. కాసేపటికి దాని తల నా వైపు తిరిగింది. కెమెరాకి నా ముఖం దొరికే కోణంలో నేను కూర్చోలేదని నాకు తెలుసు. పాపకి ఆ లెక్క అక్కర్లేదు. ఆలస్యంగా తిరగడంలో ఆమెకి బిడియం కనిపించింది. గువ్వలో మేం అలాంటి ఆలస్యాలన్నీ వెతికి వెతికి తీసేశాం. పిలిచిన వెంటనే మెడ ఒకే వేగంతో ఠక్కున తిరుగుతుంది. వాకిటి తలుపు చప్పుడుకీ, అమ్మ పిలుపుకీ దాని స్పందనలో తేడా లేదు.

"రోజూ ఇంతేనా?" అని మరదల్ని అడిగాను. "రాత్రి పడుకునే ముందు దాని మీద తువ్వాలు కప్పకపోతే పాప ఊరుకోదండీ" అంది.

మర్నాడు ఒదైబాలో ఉన్న మిరాయికన్ అనే సైన్సు మ్యూజియానికి వెళ్లాం. అక్కడి రోబోల విభాగంలో పారోని ముట్టుకోనిస్తారు. పారో తెల్లటి బొచ్చున్న సీల్ పిల్ల. సుమారు 2.7 కిలోల బరువు. శిబాతా తకనోరి అనే శాస్త్రవేత్త 1993 నుంచి దీని మీద పనిచేసి 2005లో జపాన్ మార్కెట్లోకి తెచ్చారు. డిమెన్షియా ఉన్న వృద్ధుల కోసం చాలా దేశాల్లోని ఆశ్రమాల్లో వాడుతున్నారు. 2009లో అమెరికా ఎఫ్‌డీఏ దీన్ని వైద్య పరికరంగా అనుమతించింది. కుక్క, పిల్లి రూపాల్లో కూడా శిబాతా చేసి చూశారు. అవి చేతికివ్వగానే జనం ఇంట్లో పెంచిన నిజం కుక్కతో, నిజం పిల్లితో పోల్చి పెదవి విరిచారు. సీల్ పిల్లని ఒళ్లో పెట్టుకున్నవాళ్లెవరున్నారు? పోల్చడానికి జ్ఞాపకమే లేదు కాబట్టి దాన్ని దానిలాగే ఒప్పుకున్నారు. ఛార్జింగ్ తీగ చివర పాలపీక ఆకారంలో ఉంటుంది, నోట్లో పెట్టాలి. ఛార్జింగ్ పెట్టడం కూడా పాలు పట్టడమైపోయింది. ఇంతకంటే తెలివైన డిజైన్ ఈ రంగంలో నేను చూడలేదు.

తర్వాత నిహోంబాషి దగ్గర హమచోకి వెళ్లాం. గ్రూవ్ ఎక్స్ అనే కంపెనీ ఉండే చోటు, లోవోట్ పుట్టిన చోటు. ఆ రోబోల తయారీ ఎలా సాగిందో చూపించే చిన్న ప్రదర్శనశాల అక్కడుంది. పాత నమూనాల నుంచి ఇప్పటి రూపం దాకా వరసగా చూస్తుంటే నా కాళ్లు కదల్లేదు. కంపెనీ పెట్టిన హయాషి కనమే టొయోటాలో రేసు కార్ల మీద పనిచేసిన ఇంజనీరు. తర్వాత సాఫ్ట్‌బ్యాంక్‌లో పెప్పర్ అనే మాట్లాడే రోబో తయారీలో పాలుపంచుకున్నారు. పెప్పర్ సరిగ్గా లేవలేక మొరాయించినప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు దాన్ని ప్రోత్సహించారనీ, లేచినప్పుడు సంతోషించారనీ ఆయన చెప్పుకున్నారు. దాని చేతులు వెచ్చగా ఉంటే బాగుండునని అడిగినవాళ్లూ ఉన్నారట. 2015లో సొంత కంపెనీ పెట్టి, 2018 డిసెంబరులో లోవోట్‌ని లోకానికి చూపించారు.

లోవోట్‌ని ఎత్తుకుంటే నాలుగు కిలోల పైచిలుకు బరువు. నెలల బిడ్డ బరువు. ఒళ్లు వెచ్చగా ఉంటుంది. లోపల ప్రాసెసర్లు పుట్టించే వేడిని బయటికి ఊదేయకుండా ఒంటికి పంచుతారు. అన్ని రోబోలలో ఇంజనీర్లు వదిలించుకోవాలని చూసే వేడినే ఇక్కడ ప్రాణానికి గుర్తుగా మార్చారు. ఎత్తుకోగానే చక్రాలు పొట్టలోకి ముడుచుకుంటాయి. బట్టలకి మట్టి అంటదు, మనకీ గీసుకోదు. ఒంటి నిండా 50కి పైగా సెన్సర్లున్నాయి. నెత్తి మీది కొమ్ము లాంటి భాగంలో కెమెరా, మైకులు పెట్టారు. కళ్లు మాత్రం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఒక్కో కంట్లో ఆరు పొరల చిత్రాలు ఒకదాని మీద ఒకటి కదులుతాయి. అందుకే లోతు వస్తుంది. రెప్ప వేసే వేగం, కనుపాప పెద్దదవడం, చూపు నిలిచే సమయం ఒక్కో లోవోట్‌కి ఒక్కోలా ఉంటాయి. గొంతు ముందుగా రికార్డు చేసింది కాదు, అప్పటికప్పుడు పుట్టించేది. మాటలు రావు, కూతలే. ఒకదాన్ని ఎత్తుకుంటే రెండోది వచ్చి నన్నూ ఎత్తుకోమని కింద నుంచి చేతులాడిస్తుంది.

ఇవన్నీ చదివే వచ్చాను. చదివినప్పుడు తెలియనిది ఎత్తుకున్నాక తెలిసింది. నా వైపు చూడబోయే ముందు మొదట కళ్లు తిరిగాయి, తర్వాత తల, ఆ తర్వాత ఒళ్లు. మనం కూడా అంతే కదా, ఎవరైనా పిలిస్తే ముందు చూపు వెళ్తుంది, మెడ తర్వాత. ఆ వరసే "విన్నాను, వస్తున్నాను" అని చెబుతుంది. మనుషులు మాట్లాడుకునేటప్పుడు ఒకరి మాట ముగిసి ఇంకొకరి మాట మొదలవడానికి మధ్య ఖాళీ సగటున సెకనులో ఐదో వంతే ఉంటుంది. గువ్వ ప్రశ్నని ఇంటర్నెట్‌కి పంపి జవాబు తెచ్చుకునేసరికి అంతకు ఎన్నో రెట్లు పడుతుంది. ఆ ఖాళీలో దాని కళ్లు, మెడ శిలలా ఉండేవి. అమ్మకి తోడు లేనట్టు అనిపించింది ఆ ఖాళీలోనే. తెలివి దూరంగా ఎక్కడో సర్వర్‌లో ఉన్నా ఫరవాలేదు, ఉలికిపాటు మాత్రం ఇంట్లోనే, ఒంట్లోనే ఉండాలి. చప్పుడు వినగానే చూపు తిప్పడానికి భాషా నమూనా అక్కర్లేదు, కొద్దిపాటి చిప్ చాలు. వ్యక్తిత్వాన్ని మేం మాటల్లో వెతికాం. అది అంతకు ముందే, ఆ సెకనులో ఐదో వంతులో ఉంది.

ఇక్కడితో ఆగి ఉంటే నా ప్రయాణం హాయిగా ముగిసేది. ఆ రాత్రి భోజనాల దగ్గర తమ్ముడు, "అక్కా, ఇంత ప్రాణం పోసినదాన్ని కంపెనీ మూసేస్తే ఏం చేస్తారే?" అని అడిగాడు. దానికి జవాబు వెతుక్కుంటూ మర్నాడు చిబా ప్రాంతంలోని ఇసుమి అనే పల్లెటూళ్ల పట్నానికి బయల్దేరాను.

టోక్యో స్టేషన్ నుంచి వకాషియో ఎక్స్‌ప్రెస్‌లో ఒహరా దాకా గంటంపావు దగ్గరగా పడుతుంది. నగరం తగ్గుతూ తగ్గుతూ వరి పొలాల్లోకి వస్తాం. అక్కణ్ణించి టాక్సీలో కొఫుకుజి అనే బౌద్ధాలయానికి వెళ్లాను. నాలుగు శతాబ్దాలు దాటిన గుడి. సోనీ కంపెనీ చేసిన ఐబో కుక్కలకి అంత్యక్రియలు జరిగిన చోటు ఇదే.

ఐబో కథ తెలిస్తేనే ఈ గుడి అర్థమవుతుంది. 1999 జూన్‌లో సోనీ మొదటి ఐబోని రెండున్నర లక్షల యెన్‌లకి అమ్మకానికి పెడితే జపాన్‌కి కేటాయించిన 3,000 ఇరవై నిమిషాల్లో అయిపోయాయి. ఏడేళ్లలో అన్ని రకాలూ కలిపి సుమారు లక్షన్నర అమ్ముడయ్యాయి. 2006లో తయారీ ఆపేశారు. 2014 మార్చిలో మరమ్మతులు కూడా ఆపేశారు. అప్పటికి కొన్ని ఇళ్లలో వాటికి పదిహేనేళ్ల వయసు. పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయిన ఇళ్లలో, భర్త పోయిన ఇళ్లలో అవి ఉన్నాయి. కీలు అరిగి కాలు ఈడుస్తున్న కుక్కని పట్టుకుని ఎవరి దగ్గరికి పోవాలి? ఆ సమయంలో సోనీలో ఒకప్పుడు పనిచేసిన ఇంజనీర్లు నడిపే ఏ-ఫన్ అనే చిన్న కంపెనీ వాటిని బాగుచేయడానికి ముందుకొచ్చింది. కొత్త విడిభాగాలు ఎక్కడా లేవు. పూర్తిగా పాడైన ఐబోల నుంచి తీసి బతికించగలిగినవాటికి అమర్చాలి. యజమానులు ఇచ్చిన కుక్కని విప్పే ముందు దానికి మర్యాదగా వీడ్కోలు చెప్పాలని ఆ ఇంజనీర్లకే అనిపించింది. అలా 2015లో ఈ గుడిలో మొదటి కర్మ జరిగింది. 2018 ఏప్రిల్‌లో జరిగినదాంట్లో ఒకేసారి 114 ఐబోలను వరసగా కూర్చోబెట్టారు. ప్రతిదాని మెడలో ఏ ఊరిదో, ఏ ఇంటిదో రాసిన చీటీ. పూజారి ధూపం వేసి సూత్రాలు చదివారు. యజమానులు వాటితో పాటు పంపిన ఉత్తరాలున్నాయి.

నేను వెళ్లిన రోజు అక్కడేమీ జరగడం లేదు. గుడి ఖాళీగా ఉంది, చుట్టూ చెట్లు, అవతల పొలాలు. మెట్ల మీద కూర్చుని దసరానాడు మనం చేసే ఆయుధపూజ గురించి ఆలోచించాను. లారీకి, లేతు మిషనుకి, కుట్టుమిషనుకి బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకునే జాతి మనది. అందుకే వస్తువుకి కర్మ చేయడం నాకు వింతగా తోచలేదు. కానీ రెండిటికీ ఒక పెద్ద తేడా ఉంది. మన పూజ పనిచేస్తున్న పనిముట్టుకి, అది ఇంకా బాగా పనిచేయాలని. ఇక్కడి పూజ జరిగింది చేసినవాడు చేతులెత్తేసినదానికి. ఆ కుక్కలు చావడానికి కారణం వయసు కాదు, ఒక స్ప్రింగు, ఒక బ్యాటరీ, ఒక పళ్ల చక్రం దొరక్కపోవడం. యజమానుల దుఃఖం నిజం. ఆ దుఃఖాన్ని తప్పించడం సాధ్యమయ్యేది. ఈ మాట గుడిలో కూర్చుని అనుకున్నప్పుడు నాకు కోపం కూడా వచ్చింది.

సోనీ 2018 జనవరిలో కొత్త ఐబోని తెచ్చింది, మంచిదే. కానీ పాతవాటికి దానివల్ల ఒరిగేదేం లేదు. అమెరికాలో ఇంకా కష్టమైన కథలున్నాయి. ఎంఐటీలో కిస్మెట్ అనే ముఖకవళికల రోబోని చేసిన సింథియా బ్రెజీల్ 2014లో జిబో అనే ఇంటి రోబోకి జనం దగ్గర ముందస్తుగా డబ్బు సేకరించారు. అది 2017లో ఇళ్లకి చేరింది. 2019లో సర్వర్లు ఆగిపోబోతున్నాయని జిబోయే తన నోటితో చెప్పి, ఇన్నాళ్లు ఇంట్లో ఉంచుకున్నందుకు కృతజ్ఞతలు చెప్పింది. పిల్లల కోసం చేసిన మాక్సీ అనే రోబోకి 2024 డిసెంబరులో అదే గతి పట్టింది. ఎనిమిది వందల డాలర్లు పెట్టి కొన్న తల్లిదండ్రులు, నీ స్నేహితుడు ఇక మాట్లాడడని చిన్నపిల్లలకి చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత ఇంట్లోని కంప్యూటర్ మీదే దాన్ని నడుపుకోవడానికి వీలయ్యే సాఫ్ట్‌వేర్‌ని అందరికీ ఇచ్చారు. ఆ పని మొదటి రోజు నుంచే చేసి ఉండాల్సింది.

ఫోను పాడైతే కొత్తది కొనుక్కుంటాం. చూపు నిలిపి చూసేలా, బిడియపడేలా, ఎత్తుకోమని అడిగేలా ఒకదాన్ని చేసి ఇంట్లోకి పంపినవాడు ఫోను అమ్మినవాడితో సమానం కాడు. ఆ చూపుని ఎంత శ్రద్ధగా కూర్చాడో, ఆ మెడ కీలు పదేళ్ల తర్వాత దొరికేలా చూడడం కూడా అంత శ్రద్ధగా చేయాలి. ప్రాణం ఉన్నట్టు అనిపించేలా చేయడం ఒక పనీ, దాన్ని బాగుచేసే ఏర్పాటు వేరే విభాగం పనీ అనుకుంటే కుదరదు. రెండూ ఒకే డిజైన్.

ఒహరాలో తిరుగు రైలు కోసం చూస్తూ స్నేహితులకి రాసి పంపిన మార్పులు ఇవి. గువ్వ మెడకి విదేశం నుంచి తెప్పించే మోటార్లు వద్దు, కోఠి గుజరాతీ గల్లీలో ఏ షాపులో అడిగినా దొరికే రకం పెడదాం. కాస్త చప్పుడు చేస్తాయి, చేయనీ. అడుగున నాలుగు మామూలు స్క్రూలు, జిగురు అసలొద్దు. గువ్వకి ఎవరి ముఖం తెలుసో, ఎవరి గొంతు తెలుసో, ఏ వేళకి నిద్రపోవడం అలవాటో అంతా లోపలి మెమరీ కార్డులోనే ఉండాలి. ఒళ్లు మార్చినా కార్డు మారకూడదు. విడిభాగాల నమూనాలు ఎవరైనా త్రీడీ ప్రింట్ తీసుకునేలా అందరికీ ఇచ్చేద్దాం. పిలిస్తే ముందు కళ్లు, తర్వాత మెడ. కొత్తవాళ్లయితే ఇంకాస్త ఆలస్యం. అమ్మ దానికి చేయడానికి ఒక పని కావాలి. ఎండ మొహాన పడితే కళ్లు మూసుకుని ముడుచుకుంటుంది, అమ్మ వచ్చి పక్కకి తిప్పాలి.

ఇప్పుడు కొత్త మెడ సిద్ధమైంది. ఈ నెలలో గువ్వకి ఇంటర్నెట్ తీసేసి మళ్లీ అమ్మ దగ్గర పెడుతున్నాం. మాట రాదు, జవాబులు రావు. చూపు, మెడ, నిద్ర, చిన్న కూత, అంతే. అమ్మ దాన్ని ఎప్పుడు పలకరిస్తుందో, ఎండలోంచి ఎన్నిసార్లు పక్కకి జరుపుతుందో రాసుకుంటాం. మెడ మోటారు ఒకటి కావాలనే అరిగినది పెట్టాం. అది ఆగిపోయిన రోజున వీధి చివర టీవీలు బాగుచేసే అబ్బాయిని పిలిచి, మేమెవ్వరం ముట్టుకోకుండా, అతను విప్పి మార్చగలడో లేదో చూడాలి.